గొట్టాల అడవి

ఉన్న అడవికి ప్రభుత్వం దమ్మిడీ ఇవ్వదని, లేని అడవికైతే పిలిచి మరీ ఇస్తుందని టేపక్కకి తెలిసేసరికి రెండు జతల చెప్పులు అరిగాయి. ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి ఆ మాత్రం చదువు రాకపోతే ఎలా.

టేపక్క దర్జీ. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెని చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. అందుకే కన్నవాళ్ళు పెట్టిన పేరు ఓటరు జాబితాలో ఉండిపోయి, ఈ పేరు జనం నోట్లో నిలిచింది. ఆ టేపు వాళ్ళమ్మది. అమ్మా దర్జీయే. పోతూ పోతూ కూతురికి కుట్టుమిషను, కొడుక్కి షాపు గది, ఇద్దరికీ ఉమ్మడిగా ఊరవతల వాలు మీద చిన్న అడవి వదిలి వెళ్ళింది. ఆ అడవిలో ఆవిడ ఒక్క చెట్టు నాటలేదు, ఒక్క కొమ్మ కొట్టలేదు. సెలవు రోజున సూది పక్కన పెట్టి, వెళ్ళి చెట్ల కింద కూచునేది. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టిన కళ్ళకి పచ్చరంగే మందనేది.

ఆ మందు తమ్ముడికి పడలేదు. అతనికి ఫోన్ల రిపేరు షాపు. జనం ఫోను పగిలితే బాగుచేయించుకునే రోజులు పోయి, పగలక ముందే కొత్తది కొనే రోజులొచ్చాయి. షాపులో అతనూ, ఒక టంకం కర్రా మిగిలారు. సరిగ్గా అప్పుడే కంకర కాంట్రాక్టరు దిగాడు. చెట్ల కింద మంచి రాయి ఉందని చల్లగా చెవిలో వేశాడు.

"రాయికి ధర ఉందక్కా. చెట్టుకేముంది, నీడ," అన్నాడు తమ్ముడు. "నీడని ఏ బ్యాంకులో వేస్తాం?"

"అమ్మ అమ్మలేదు కదరా."

"అమ్మ ఫోన్ల షాపు పెట్టలేదు కదే."

తమ్ముడు చెడ్డవాడు కాదు, అదే ఆమె బాధ. చెడ్డవాడైతే తిట్టిపోసి సుఖంగా నిద్రపోయేది. చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. ప్రభుత్వం ఆ అడవికి ఏదో ఒక విలువ కడితే తమ్ముడూ కడతాడు, అమ్మడు. కట్టకపోతే పంపకం చేసుకుని, తన సగం కాంట్రాక్టరుకి ఇచ్చేస్తాడు. సగం వాలు తవ్వితే మిగతా సగం దానంతటదే జారి కిందికొస్తుంది. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

అలా టేపక్క వృక్ష ప్రోత్సాహక ఆఫీసు మెట్లెక్కింది. గది గోడ నిండా అడవి బొమ్మ ఉంది. మూల కుండీలో ప్లాస్టిక్ మొక్క, దాని మీద దుమ్ము. దాన్ని బతికించడానికి కూడా ఎవరికీ తీరిక లేనట్టుంది. బల్ల వెనక అధికారి మర్యాదస్తుడు. కూచోమన్నాడు, కుర్చీ లేకపోవడం వేరే సంగతి.

"అడవి ఉందండీ మాకు. కాపాడుకోవడానికి ఏమైనా సాయం చేస్తారేమోనని," అంది టేపక్క.

"ఉందా?" అధికారి మొహం వాడిపోయింది. "ఉంటే కష్టమమ్మా. మా పథకం అడవి పెంచడానికి. ఉన్నదాన్ని ఏం పెంచుతాం? లేకపోతే చెప్పండి, మొక్కలిస్తాం, మొక్కలకి తొడిగే గొట్టాలిస్తాం, కూలి ఇస్తాం, బోర్డు కూడా ఇస్తాం."

"అంటే ఉన్నది కొట్టేసి రమ్మంటారా?"

"అలా నేననకూడదు," అన్నాడాయన బాధగా. "కొట్టేశాక వస్తే మాత్రం కాదనలేను."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత టేపక్క చిన్నప్పట్నించీ వింటోంది. అంత మందుని ముద్ర వేసి పంచే ఆఫీసు ఉంటుందని మాత్రం అనుకోలేదు. వెనుదిరగబోతూ, అడవి మొదట్లో, రోడ్డు పక్కన, పోయినేడు గాలివానకి చెట్లు పడిపోయిన ఖాళీ ఒకటుందని చెప్పింది. అధికారి మొహం వికసించింది. పడిపోయాయా, ఎంత మంచిమాట అన్నాడు.

మర్నాడే స్వయంగా వచ్చి చూశాడు. ఆ ఖాళీ అడవికి గుమ్మం లాంటిది. ఒక పక్క బండరాళ్ళు, ఒక పక్క వాగు, మధ్యలో ఈ జాగా. పైకి వెళ్ళాలంటే దీని మీంచే వెళ్ళాలి. పడిన చెట్లు ఎత్తేశాక అక్కడ వెలుతురు పడి, మోకాలెత్తు మొక్కలు కిటకిటలాడుతూ లేచాయి.

"ఇవేంటమ్మా?"

"మొక్కలండీ."

"ఎవరు నాటారు?"

"ఎవరూ నాటలేదు. గాలి తెచ్చినవి కొన్ని, పిట్టలు వేసినవి కొన్ని."

"పిట్టలకి మా పథకంలో అర్హత లేదు," అన్నాడు అధికారి. ఆయన హాస్యమాడటం లేదు. "వరుసలో లేని మొక్కని మా సాఫ్టువేరు కలుపు కిందే లెక్కేస్తుంది. ఇవన్నీ పీకించి నేల చదును చేసి ఫోటో పెట్టండి. 'నాటడానికి ముందు' అనే గడిలో బోడినేల కనపడాలి. అప్పుడు మొక్కలిస్తాం, నాటుకోవచ్చు."

"మొక్కలు పీకి మొక్కలు నాటాలా?"

"వరుసగా నాటాలి," అన్నాడాయన. అంతా అందులోనే ఉందన్నట్టు.

టేపక్కే వంగి వాటిని పీకింది. కూలివాళ్ళని పెడదామంటే మనసొప్పలేదు. వేళ్ళు మట్టిని పట్టుకుని వదల్లేదు. పైన అమ్మ కూచునే చెట్టు కనపడుతూనే ఉంది. అటువైపు వీపు పెట్టి పనిచేసింది, ఏడుపొచ్చింది, ఏడుస్తూనే పీకింది. అడవిని కాపాడటానికి అడవి పిల్లల్ని చంపుతున్నానని ఆమెకి బాగానే తెలుసు. వేరే దారి మాత్రం ఎవరూ చూపలేదు.

తర్వాత జాగా కొలిచి పటం గీసివ్వమన్నారు. ఇక్కడే ఆమె దర్జీతనం అడ్డొచ్చింది. ఎంత గుడ్డ ఇచ్చినా చివరి పోగు దాకా కత్తిరించడం ఆమె చేతికి రాదు. కుట్టుకి లోపల కాస్త వదలాలి, రేపు మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి మరికాస్త వదలాలి. అది అమ్మ నేర్పిన మొదటి పాఠం. నేలకీ అదే నియమం వర్తించింది. బండరాళ్ళ వైపు చేతులు బార చాపినంత, వాగు వైపు చేతులు బార చాపినంత వదిలేసి, మధ్య ముక్కనే పటంలో గీసింది. వదిలిన రెండు అంచుల్లోనూ మొక్కలు పీకలేదు. అంచులో గుడ్డ ఎలా ఉంటే ఎవరిక్కావాలి.

"నేలని కూడా వదులు చేసి కుట్టావా అక్కా?" అని తమ్ముడు విరగబడి నవ్వాడు. ఆమె నాలిక్కరుచుకుంది. అప్పటికే పటం మీద ముద్ర పడిపోయింది. ముద్ర పడ్డాక నేల మారాలి గానీ పటం మారదు.

ప్రభుత్వం మాట తప్పలేదు, మొక్కలు పంపింది. బడ్జెట్టు ముగిసే నెలలో కొన్నది కాబట్టి నడివేసవిలో పంపింది. లారీ దిగేసరికే సగం తలలు వాల్చాయి. ప్రతి మొక్కకీ నడుమెత్తు ప్లాస్టిక్ గొట్టం తొడిగి, కర్ర పాతి, వరుసలు తీర్చారు. అధికారి వచ్చి బోర్డు పాతించాడు. అక్కాతమ్ముళ్ళిద్దరి చేతా సంతకాలు పెట్టించి, నియమాలు చదివి వినిపించాడు. నమోదైన జాగాలో ముప్పయ్యేళ్ళు బండి తిరగకూడదు, గొట్టం కదపకూడదు. రెండో ఏడు తనిఖీలో సగం మొక్కలైనా బతికుండాలి, లేకపోతే నమోదు రద్దు. తమ్ముడు సంతకం పెట్టాడు గానీ వినలేదు. అతను ఫోన్లోని నియమాలు కూడా చదవకుండానే ఒప్పుకునే రకం.

ఆ వేసవిలోనే మొక్కలన్నీ చచ్చాయి. టేపక్క బిందెలతో మోసి పోసిన నీళ్ళు వేడినేల గుటకేసింది. ఒక్కో గొట్టంలోకి తొంగిచూస్తే ఒక్కో ఎండుపుల్ల. కొన్నాళ్ళకి తొంగిచూడటం మానేసింది. చచ్చిన పిల్లల్ని రోజూ లెక్కపెట్టుకోవడం ఆమెకి చేతకాలేదు. తమ్ముడు కూడా వచ్చి నాలుగు వరుసలు చూసి, పెదవి విరిచాడు.

"ఇదేనా ప్రభుత్వం కట్టిన విలువ? పుల్లలకి చొక్కాలు తొడిగారు," అన్నాడు. "ఇక నన్నేమీ అనకు."

కాంట్రాక్టరుని వెంటబెట్టుకుని వచ్చాడు. కాంట్రాక్టరు లావాటి మనిషి, తెల్లబూట్లు వేసుకుని అడవికొచ్చే ధైర్యం ఉన్నవాడు. వాలంతా తృప్తిగా చూశాడు. కిందికి దిగాక బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు.

"లారీ ఎటెళ్తుందబ్బాయ్?"

"ఇలాగే, మధ్యలోంచి."

"ముప్పయ్యేళ్ళు బండి తిరగకూడదని రాసుంది. ప్రభుత్వ గొట్టం మీంచి లారీ పోనిస్తే, నా లైసెన్సు దాని వెనకే పోతుంది."

తమ్ముడి మొహం పాలిపోయింది. అంతలోనే వెలిగింది. "అంచులున్నాయి సార్. మా అక్క రెండు పక్కలా వదిలేసింది, అవి పటంలో లేవు. రెండూ కలిపితే లారీకి సరిపోతుంది."

కాంట్రాక్టరు బండరాళ్ళ వైపు చూశాడు, వాగు వైపు చూశాడు. "అయితే లారీని నిలువునా చీల్చి, సగం అటు, సగం ఇటు తోలమంటావా?" అన్నాడు. ఆ తర్వాత మర్యాదగానే చెప్పాడు. "తనిఖీ అవనీ. అన్నీ చచ్చాయంటున్నావుగా, రద్దవుతుంది. ఆ రోజు ఫోన్ చెయ్యి."

ఆ ఏడాదంతా అక్కాతమ్ముళ్ళు ఎదురుపడితే వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. చచ్చిన పుల్లలు అడవికి కాపలా కాస్తున్నాయి. ఆ కాపలా తనిఖీ దాకానే. గొట్టాలన్నీ ఖాళీ అని తేలిన రోజున లారీలొస్తాయి. మళ్ళీ నాటదామని టేపక్క ఆఫీసుకెళ్ళి అడిగింది. ఒకసారి నాటినట్టు నమోదైన చోట మళ్ళీ నాటడానికి వీల్లేదన్నారు. చచ్చాయండీ అంటే, తనిఖీ కాకుండా చచ్చాయని మీరెలా అంటారమ్మా అన్నారు.

వానలొచ్చాయి. అంచుల్లో వదిలేసిన మొక్కలు ఏపుగా పెరిగి, మధ్యలోని గొట్టాల వరుసలకి పచ్చటి అంచు కుట్టినట్టయింది. మధ్య జాగాలో వాలడానికి కొమ్మ లేక పిట్టలన్నీ గొట్టాల మీదే కూచునేవి. ప్రభుత్వం వారి ఆస్తి అని కూడా చూడకుండా తిన్నదంతా అందులోకే వదిలేవి. పైన రెట్టలు చూసి టేపక్క, మీకైనా ఉపయోగపడ్డాయిలే అని గొణుక్కుంది. దగ్గరికెళ్ళి చూసే ధైర్యం లేకపోయింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. అధికారి జీపు దిగకుండానే అద్దం దించి, వేలితో గాల్లో వరుసలు లెక్కపెట్టుకున్నాడు.

"బాగున్నాయమ్మా. గొట్టాలన్నీ నిలబడే ఉన్నాయి. గొట్టం నిలబడితే మొక్క బతికున్నట్టే." కలం తీశాడు.

టేపక్క గుండె ఒక్కసారి తేలికైంది. అడవి దక్కినట్టే అనుకుంది. అబద్ధమే, అయినా ఆ అబద్ధం ఆడింది తను కాదు కదా. అప్పుడు తమ్ముడు జీపుకి అడ్డం నిలబడ్డాడు.

"అన్యాయం సార్. దిగి చూడండి. ఒక్కటి బతికుంటే ఒట్టు. నాలుగు వరుసలు నా కళ్ళతో చూశాను."

"దిగాలా?" అన్నాడు అధికారి. ఉద్యోగంలో చేరిన తర్వాత ఎవరూ ఆయన్ని అలాంటి కోరిక కోరినట్టు లేదు. కింద బురదగా ఉంది.

"చూడకుండా రాస్తే పైకి ఫిర్యాదు చేస్తాను సార్."

పై అన్న మాట వింటే ఎవరైనా దిగుతారు. అధికారి ప్యాంటు ఎత్తి పట్టుకుని దిగాడు. తమ్ముడు అక్క మొహం వైపు చూడకుండా మొదటి వరుసలోకి నడిచి, మొదటి గొట్టాన్ని రెండు చేతులా పట్టి పైకి లాగేశాడు. "ఇదిగో," అన్నాడు, ఇంకా దాని వైపు చూడకుండానే.

అధికారి వంగి చూశాడు. టేపక్క కళ్ళు మూసుకుంది. గొట్టం నేల మీద పడ్డ చప్పుడుకి తెరిచింది. గొట్టం తీసిన చోట ఎండుపుల్ల పక్కనే, జానెడు పొడుగున, లేతాకులేసుకుని మొక్క ఒకటి నిటారుగా నిలబడి ఉంది.

తమ్ముడు రెండో గొట్టం లాగాడు. అందులోనూ ఉంది. మూడోదాంట్లో రెండున్నాయి. అతనికి పంతం పట్టుకుంది. వరుస మారాడు, పరుగెత్తాడు, లాగిన గొట్టాన్ని లాగినచోటే పడేశాడు. ఒకటీ అరా తప్ప ఎక్కడ లాగితే అక్కడ పచ్చగా బయటపడింది. గొట్టాలు పుల్లల్ని బతికించలేదు గానీ, పిట్టలు వేసిన గింజని ఎండకీ గాలికీ అందకుండా దాచిపెట్టాయి. పథకంలో అర్హత లేని పిట్టలు పథకాన్ని పూర్తి చేసి పోయాయి.

"మేమిచ్చిన మొక్క ఆకు ఇలా ఉండదే," అన్నాడు అధికారి మెల్లగా.

తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. "అదే చెప్తున్నా సార్. ఇవి మీ మొక్కలు కావు. మీవన్నీ చచ్చాయి. ఇవి పిట్టలు వేసినవి. కలుపు. అలాగే రాయండి."

అధికారి ఆలోచనలో పడ్డాడు. మొక్కలన్నీ చచ్చాయని రాయాలంటే, ఎందుకు చచ్చాయో రాయాలి. ఎందుకో రాయాలంటే, నడివేసవిలో ఎవరు పంపారో రాయాలి. పంపినాయన ఇప్పుడు పై ఆఫీసులో పై అంతస్తులో ఉన్నాడు.

"చూడు బాబూ," అన్నాడాయన చివరికి. "మా ఫారంలో ఆకు ఎలా ఉందని అడిగే గడి లేదు. గొట్టం మాదేనా?"

"మీదే."

"మొక్క గొట్టంలో ఉందా?"

"ఉంది సార్, కానీ..."

"వరుసలో ఉందా?"

తమ్ముడు తల తిప్పి వరుసల వైపు చూశాడు. మొక్కలు పుట్టినప్పటి నుంచి స్కూలు పిల్లల్లా వరుసలోనే ఉన్నాయి.

"అయితే పథకం మొక్కే," అన్నాడు అధికారి, రాసేశాడు. తర్వాత నేల మీద పడున్న గొట్టాల వైపు కలం చూపించాడు. "నమోదైన మొక్కల రక్షణ కవచం తొలగించడం నేరం. కొత్తవాడివని వదిలేస్తున్నాను. మళ్ళీ తొడిగెయ్యి." బూట్ల బురద గడ్డికి రాసి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

తవ్వుకున్న గోతిలో ఎవరైనా పడతారు. తమ్ముడు పడటమే కాదు, సాక్షిని కూడా తెచ్చుకుని పడ్డాడు. టేపక్కకి నవ్వాలనిపించింది. నవ్వింది కూడా. ఆ నవ్వు మధ్యలో ఎప్పుడో కళ్ళనీళ్ళలోకి దిగింది. పీకిన మొక్కలే తిరిగొచ్చినట్టు అనిపించింది, అంతే.

తమ్ముడు గొట్టాలు తొడుగుతూ వచ్చాడు. మొదట విసురుగా తొడిగాడు. రెండో వరుసకి ఆకులు నలగకుండా పక్కకి ఒత్తి పట్టుకుని తొడిగాడు. చివరికి మొదట లాగిన గొట్టం దగ్గరికొచ్చాడు. లాగిన ఊపుకి దాని కర్ర విరిగింది. ఎలా పెట్టినా గొట్టం వాలిపోతోంది, లోపలి మొక్కని వంచేస్తోంది.

"అక్కా, దారమేమైనా ఉందా?"

దర్జీ దగ్గర దారం లేని రోజంటూ ఉంటుందా. ఆ రోజు లేదు. ఆమె మెడలోంచి టేపు తీసింది.

"అది అమ్మది కదే," అన్నాడతను.

"తెలుసు. పట్టుకో."

అతను మోకాళ్ళ మీద కూచుని గొట్టాన్ని నిటారుగా పట్టుకున్నాడు. ఆమె విరిగిన కర్రకీ గొట్టానికీ కలిపి టేపు చుట్టింది, రేపు మొక్క లావెక్కితే ఇబ్బంది పడకుండా కాస్త వదులు వదిలి ముడేసింది. పైన అమ్మ చెట్టు ఆకులు గలగలలాడాయి.

"ఇదేం చెట్టే?" అన్నాడు తమ్ముడు గొట్టంలోకి చూస్తూ.

"ఏమో. పెరిగాక తెలుస్తుంది."

అతని జేబులో ఫోను మోగింది. మోగించేది కాంట్రాక్టరు, ఫలితం కోసం ఎదురుచూస్తున్నాడు. తమ్ముడి రెండు చేతులూ గొట్టం మీద ఉన్నాయి కాబట్టి తీయడానికి కుదర్లేదు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ముడి ఎప్పుడో గట్టిగా పడింది, గొట్టం దానంతటదే నిలబడి ఉంది. తమ్ముడు మాత్రం చేతులు తియ్యలేదు.